‘అవగాహన లేదు’ అని రాసే ముందు

నిన్న రాత్రి ఒక జూనియర్ తన ఎమ్మెస్సీ న్యూట్రిషన్ థీసిస్ డ్రాఫ్ట్ పంపింది. వచ్చే నెల వైవా, ఒక్కసారి చూసిపెట్టక్కా అంది. పట్టికలు బాగున్నాయి, లెక్కలు కూడా జాగ్రత్తగా వేసింది. చివరి అధ్యాయానికి వచ్చేసరికి ఆ వాక్యం ఎదురైంది: "గ్రామీణ మహిళల్లో పోషకాహారంపై అవగాహన లోపమే రక్తహీనతకు ప్రధాన కారణం." ఫోన్ పక్కన పడేసి కాసేపు బాల్కనీలో నిలబడ్డాను. 2013లో నా థీసిస్‌లో నేనూ ఇదే రాశాను, ఇంచుమించు ఇవే మాటల్లో. మా గైడ్ పక్కన టిక్కు కూడా పెట్టారు.

న్యూట్రిషన్ చదివానంటే పెళ్ళిళ్ళలో నాకు పడే శిక్ష ఎలా ఉంటుందో ఈ కోర్సు చేసిన వాళ్ళందరికీ తెలుసు. విస్తరి ముందు కూర్చోగానే పక్క సీట్లోంచి "ఏమ్మా, బరువు తగ్గాలంటే రాత్రి చపాతీ తినాలా, పుల్కా తినాలా?" అని మొదలవుతుంది. చపాతీకీ పుల్కాకీ మధ్య ఉన్నది చెంచాడు నూనె. ఆ మాట చెబితే వాళ్ళకి నచ్చదు, కీటో డైట్ గురించి చెప్పాలి. సరే, అది చుట్టాల గోల, పోనిద్దాం. నా గొడవ మా చదువుతోనే.

మా ఫీల్డ్ వర్క్ నల్లగొండ జిల్లాలో ఒక ఊళ్ళో. పదిహేను రోజులు. 24 గంటల రీకాల్ అని ఒక పద్ధతి ఉంటుంది. నిన్న పొద్దుటి నుంచి ఏమేం తిన్నావో, ఎంత తిన్నావో కొలత గిన్నెలు ముందు పెట్టి అడగాలి. ఒక ఇంట్లో ముప్పయ్యేళ్ళ పైబడిన ఆవిడ, అప్పుడే పత్తి ఏరి వచ్చింది. ఏం తిన్నావక్కా అంటే చెప్పింది. పొద్దున చాయ్. చేనుకాడికి సద్ది, అందులో బువ్వా తొక్కూ. రాత్రికి బువ్వా పచ్చిపులుసూ. గుడ్డు? ఆదివారం వండిన. పప్పు? మొన్న. పాలు? చాయ్‌ల పోసినం గద.

నేను గిన్నెలు సర్దుకుంటూ, క్లాసులో నేర్పిన కౌన్సెలింగ్ మొదలుపెట్టాను. గుడ్డు తినాలక్కా, ఆకుకూరలు తినాలి, రాగులు తింటే మంచిది. ఆవిడ చాలాసేపు ఓపిగ్గా విన్నది. ఆ తర్వాత అంది: "గుడ్డు మంచిదని నాకు తెల్వదా బిడ్డా? ఇంట్ల రెండు గుడ్లుంటయ్. పిలగాడు, పిల్ల, మా ఆయన, మా అత్త. ఎవలకు పెట్టాల్నో అది చెప్పు." నా దగ్గర జవాబు లేదు. ఫారంలో ఆ ప్రశ్నకి గడి కూడా లేదు. ఇంకో గడి ఉంది, ‘పోషకాహార పరిజ్ఞానం: తక్కువ / మధ్యస్థం / ఎక్కువ’. దాంట్లో ‘తక్కువ’ దగ్గర సున్నా చుట్టాను. రాగుల్లో క్యాల్షియం ఎంతుందో ఆవిడకి తెలీదు కాబట్టి.

ఆకుకూరల గురించి ఆవిడ చెప్పింది ఇంకా గట్టిది. వాళ్ళ అమ్మ కాలంలో జొన్న చేలో, కంది సాళ్ళ మధ్య గంగవాయిలి, పొన్నగంటి, దొగ్గలి, తుమ్మికూర వాటంతటవే మొలిచేవట. కలుపుకు పోయిన ఆడవాళ్ళు కొంగులో కూర కట్టుకొచ్చేవాళ్ళు, పైసా ఖర్చు లేదు. ఇప్పుడు గడప దాకా పత్తి. కూలీలు దొరక్క కలుపు మందు కొడుతున్నారు. "కూర యాడుంది బిడ్డా, మందుకు మాడిపాయె." ఇది నోట్‌బుక్కులో రాసుకున్నాను కానీ థీసిస్‌లో పెట్టలేదు. పెట్టాలనుకున్నా ఏ అధ్యాయంలో పెట్టాలి? కలుపు మందు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళ సబ్జెక్టు. పత్తి రేటు ఎకనామిక్స్ వాళ్ళది. మాకు మిగిలింది ఆవిడ నోరు, అందులో ఏం పడుతోంది అన్నది.

ఈ చదువు పుట్టింది ఇలా కాదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో ఒక్క గదిలో, బెరిబెరి అనే విటమిన్ లోపపు జబ్బు మీద వాకబుతో మొదలైంది. 1958లో హైదరాబాదు వచ్చింది. ఇక్కడికొచ్చాక జొన్న తినే పేదల్లో పెల్లాగ్రా, అదీ విటమిన్ లోపంతో చర్మం పాడయ్యే జబ్బే, ఎందుకొస్తోందని అక్కడి శాస్త్రవేత్తలు గోపాలన్, శ్రీకాంతయ్య పట్టుకుని కూర్చున్నారు. మొక్కజొన్న తినే దేశాల జబ్బు దక్కనులో ఏం చేస్తోంది? జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ కావడమే కారణమని 1960లో ప్రతిపాదించారు. ఆ వాదన మీద తర్వాత చాలా చర్చ నడిచింది, అది వేరే సంగతి. వాళ్ళు రోగిని చూసి గింజ దాకా నడిచారు, నాకు ముఖ్యం అది.

మా నల్లగొండదే ఇంకో కథ. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకల్ని పాడుచేసే ఫ్లోరోసిస్ అక్కడ పాత జబ్బే. కానీ 1970ల మొదట్లో కుర్రాళ్ళకి మోకాళ్ళు లోపలికి వంగిపోయి, ఒకదానికొకటి రాసుకుంటున్నాయని గమనించారు. తార్నాక పరిశోధకులు ఆ వంకర వెనక నాగార్జునసాగర్ నీళ్ళని అనుమానించారు. జలాశయం నిండాక చుట్టుపక్కల భూగర్భజలం పైకొచ్చి, నేల రసాయనం మారి, ఆ నేలలో పండిన జొన్నలో మాలిబ్డినం అనే ఖనిజం పెరిగి, ఒంట్లో రాగి (కాపర్) తగ్గి ఎముక మెత్తబడుతోందేమోనని. ఒక డ్యామ్ ఎక్కడ, ఒక కుర్రాడి మోకాలు ఎక్కడ! ఇప్పుడు దీన్ని ఫుడ్ సిస్టమ్స్ అని కొత్త పేరు పెట్టి విదేశీ యూనివర్సిటీలు ప్రత్యేకంగా మాస్టర్స్ నడుపుతున్నాయి. మన పిల్లలు అప్పు చేసి అక్కడికెళ్ళి చదువుతున్నారు. ఇంటి పక్కన యాభై ఏళ్ళ కింద చేసిన పని ఇది. మా రెండేళ్ళ కోర్సులో ఆ మోకాళ్ళ ప్రస్తావన ఒక్క క్లాసులో కూడా రాలేదు, నేను తర్వాత సొంతంగా చదువుకున్నాను.

రెండేళ్ళలో మరి ఏం చేశామంటారా? కిడ్నీ రోగి డైట్, షుగర్ డైట్ లెక్కలు కట్టాం. అవి కావాలి, కాదనను. ల్యాబులో కేకు చేశాం. సెప్టెంబరు వచ్చిందంటే పోషకాహార వారోత్సవాలు. చిరుధాన్యాలతో ముగ్గులు, పల్లీ బెల్లం లడ్డూల పోటీ, ‘తక్కువ ఖర్చుతో ఎక్కువ పోషణ’ అని చార్టులు. నా లడ్డూకి రెండో బహుమతి వచ్చింది. పల్లీ ధర ఎంతో ఒక్క జడ్జీ అడగలేదు.

వారోత్సవాలతో జరిగింది ఏంటో సర్కారు లెక్కే చెబుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడతలో, 2015-16లో, 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత తెలంగాణలో 56.6 శాతం, ఆంధ్రలో 60 శాతం. అయిదో విడతలో, 2019-21లో, తెలంగాణలో 57.6, ఆంధ్రలో 58.8. వేలి కొన రక్తంతో తీసిన ఈ అంకెలు ఎక్కువ చూపిస్తున్నాయని, నరం నుంచి తీసిన రక్తంతో కొలవాలని వాదించే శాస్త్రవేత్తలున్నారు. వాళ్ళ వాదనలో పస ఉంది. అయినా రెండు విడతలూ ఒకే పద్ధతిలో కొలిచినవే, ముల్లు మాత్రం ఉన్నచోటే ఉంది. అవగాహనే మందైతే ఇన్ని సదస్సుల తర్వాత కాస్తన్నా కదలాలి కదా.

కంచంలోకి ఏమొస్తుందో తేల్చేది చాలావరకు కంట్రోల్ దుకాణం. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం పెట్టాక పేదింట్లో కడుపు నిండింది. ఆ పథకాన్ని వెక్కిరించే వాళ్ళతో నాకు మాటల్లేవు, ఆకలి తెలిసిన వాళ్ళెవరూ వెక్కిరించరు. కానీ బియ్యం చవకయ్యే కొద్దీ జొన్న చేలు తగ్గాయి, జొన్న చేలతో పాటు సాళ్ళ మధ్య కందీ, పెసరా, కొంగులో కూరా పోయాయి. మేం ఆ ఊళ్ళో ఉన్న ఏడాదే ‘అమ్మహస్తం’ సంచి వచ్చింది, 185 రూపాయలకి తొమ్మిది సరుకులు, అందులో కందిపప్పూ ఉంది. నాణ్యత బాగాలేదని తిట్టుకున్నారు, కానీ ఆ నెల పప్పు వండుకున్నారు. ఆ పథకం ఎక్కువ కాలం నిలవలేదు. ఆ ఊరి రీకాల్ ఫారాల్లో పప్పు కనిపించిన రోజుల్ని సంచి వచ్చిన తేదీలతో పక్కపక్కన పెట్టి చూసి ఉంటే అది థీసిస్ అయ్యేది. నాకప్పుడు ఆ ఆలోచనే రాలేదు.

ఆ తర్వాత ఫోర్టిఫైడ్ బియ్యం వచ్చింది. ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపిన గింజలు, వంద కిలోలకి ఒక కిలో. ఊళ్ళల్లో వాటిని ‘ప్లాస్టిక్ బియ్యం’ అని ఏరి పారేశారు. ఇదిగో అవగాహన లేదు చూడండి అని మావాళ్ళు ఎగబడ్డారు. సంచిలో తెలియని గింజ కనబడితే ఏరి పారేయడం మన అమ్మలు ఎప్పుడూ చేసే పనే, చాటలో బియ్యం చెరిగేది అందుకే. ఇంట్లోకి కొత్త గింజ పంపే ముందు ఆ ఇంటావిడకి ఒక మాట చెప్పాలని పంపినవాళ్ళకి తోచకపోతే, అది ఎవరి అవగాహన లోపం?

తెలియడం అసలు అక్కర్లేదని నేననడం లేదు. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగితే తిండిలో ఉన్న కాస్త ఐరనూ ఒంటికి సరిగా పట్టదు. ఇది చెబితే పైసా ఖర్చు లేకుండా మేలు జరుగుతుంది, తప్పకుండా చెప్పాలి. ఇలాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని ఉంటాయి. వాటిని పట్టుకుని మొత్తం జబ్బుకి కారణం తల్లి బుర్రలో ఉందని రాయడమే నాకు మింగుడుపడదు.

కాలేజీలకీ ఒక బాధ ఉంది. ఉద్యోగాలు ఆసుపత్రుల్లో ఉన్నాయి, అందుకే సిలబస్ ఆసుపత్రి వైపే ఒరుగుతుంది. చేసినవాళ్ళకి అక్కడ జీతం ఎంతో మాలో ఎవరినైనా అడగండి, నవ్వి మాట మారుస్తారు. హైదరాబాదు లాంటి ఊళ్ళో కూడా ఈ చదువు ఇంత ఇరుకుగా ఉండటమే నాకు అన్యాయంగా తోస్తుంది. పోషకాహార సంస్థ తార్నాకలో, చిరుధాన్యాల సంస్థా వ్యవసాయ విశ్వవిద్యాలయమూ రాజేంద్రనగర్‌లో, మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పటాన్‌చెరులో. ఒక్క సిటీ బస్సు పాసుతో అన్నీ తిరిగి రావచ్చు. ఈ నాలుగు చోట్ల పిల్లలు ఒక ఊరికి కలిసి వెళ్ళి, ఒకే ఇంటి ముందు కూర్చోగా నేను చూడలేదు. ఒకడు చేను చూడాలి, ఒకడు నీళ్ళు చూడాలి, ఒకడు రేషన్ కార్డు చూడాలి, ఒకడు కంచం చూడాలి. అప్పుడు రెండు గుడ్ల ప్రశ్నకి కనీసం నలుగురూ కలిసి తల గోక్కుంటారు.

జూనియర్‌కి ఇదంతా చెప్పలేదు, వైవా ముందు పిల్లని ఎందుకు భయపెట్టడం. ఆ వాక్యం కింద గీత గీసి, ‘ఎవరి అవగాహన? గుడ్డు ధర, కూలి రేటు, ఇంట్లో చివర తినేదెవరు? ఈ మూడూ రాసి మళ్ళీ పంపు’ అని పెట్టాను. ఇంకోటి అడిగాను. మేం ఆ ఊళ్ళో అందరి దగ్గరా వేలు గుచ్చి, చుక్క రక్తం ఫిల్టర్ పేపర్ మీద పట్టి ల్యాబుకి తెచ్చాం. పచ్చిపులుసు ఆవిడ హిమోగ్లోబిన్ 8.1, ఉండాల్సినదానికంటే చాలా తక్కువ. వారం తర్వాత అంకె తెలిసింది, పట్టికలోకి ఎక్కింది, నాకు డిగ్రీ వచ్చింది. ఆవిడకి చెప్పడానికి మాలో ఒక్కరం కూడా తిరిగి వెళ్ళలేదు. బయల్దేరేటప్పుడు "మళ్ల ఎప్పుడొస్తవ్ బిడ్డా" అని అడిగింది కూడా.

నీ వాళ్ళకి రిపోర్టులు ఇచ్చావా అంటే, ఇంకా లేదక్కా, వైవా అయ్యాక అంది. వైవా కంటే ముందే వెళ్ళిరా, బస్సు చార్జీలు నేను పెట్టుకుంటా అన్నాను. శనివారం వెళ్తోంది.