ఫ్రెషర్లు కావలెను, అనుభవం మూడేళ్లు

సైబర్ సెక్యూరిటీలో మొదటి మెట్టు ఉద్యోగానికే మూడేళ్ల అనుభవం అడగడం అన్యాయమని బ్రాడీపేట టీ కొట్ల దగ్గర కుర్రాళ్లు గొణుక్కుంటున్నారు. ఇందులో అన్యాయమేమీ లేదు. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు అని మన పెద్దలు ఎప్పుడో చెప్పారు. హెచ్‌ఆర్ వాళ్లు దాన్ని నియామక విధానంగా మార్చారు, అంతే. కొన్ని ప్రకటనల్లో ఫ్రెషర్‌కి సీఐఎస్‌ఎస్‌పీ అనే సీనియర్ల సర్టిఫికెట్ కూడా ఉండాలంటారు. ఆ సర్టిఫికెట్‌కి ఐదేళ్ల ఉద్యోగానుభవం కావాలి, తగిన డిగ్రీ ఉంటే ఓ ఏడాది తగ్గిస్తారు. అనుభవం లేకుండా పరీక్ష ప్యాసైతే అసోసియేట్ అని పేరు పెట్టి, ఆరేళ్లలో అనుభవం పట్టుకు రమ్మంటారు. కాబట్టి అభ్యర్థి ఇంటర్‌లో ఉండగానే ఏదో ఒక బ్యాంకు ఫైర్‌వాల్ చూసుకుంటూ ఉండాలి. రాత్రి స్టడీ అవర్ అయ్యాక ఎలాగూ ఖాళీయే కదా!

మూడేళ్లు ఒక్క దెబ్బకి కావాలంటే ఇంకో దారి ఉంది: హ్యాకింగ్ పనిముట్లతో వచ్చే కాలీ లినక్స్ వేసుకుని పక్కింటి వైఫై మీద పడడం. ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. అనుభవం లెక్క సరిపోతుంది. అయితే మనవాళ్లు కాలీని వర్చువల్‌బాక్స్‌లో, అంటే కంప్యూటర్ లోపల నడిచే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌లో వేస్తారు. దానికి ల్యాప్‌టాప్ లోపలి వైఫై కార్డు వైఫైలా కనపడదు, వైరు నెట్‌వర్క్‌లా కనిపిస్తుంది. చుట్టుపక్కల వైఫై సంకేతాలన్నీ వినే మానిటర్ మోడ్ పనిచేసే యూఎస్‌బీ అడాప్టర్ విడిగా కొనాలని తెలిసేసరికి ఆవేశం చల్లారుతుంది. పక్కింటాయన అదృష్టం.

గుంటూరు యార్డులో తేజ మిర్చి కొనే వ్యాపారి టిక్కీలో, అంటే బస్తాలో, చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు తీస్తాడు. రంగు, తేమ, తాలు చూశాకే ధర చెబుతాడు. ఎంత అనాగరికం! మన రంగంలో టిక్కీ మీద చీటీ, అంటే సర్టిఫికెట్, చదివి కొంటారు. విజయవాడ బెంజ్ సర్కిల్ ఫ్లెక్సీల నిండా ఉండేది ఆ చీటీల వ్యాపారమే. చీటీ తప్పదంటే సెక్యూరిటీ ప్లస్ అనే మొదటి మెట్టు పరీక్ష నయం: 90 నిమిషాలు, 90కి మించని ప్రశ్నలు, 900 స్కేలు మీద 750 రావాలి.

ఇంట్లో ల్యాబ్ మాత్రం పొరపాటున కూడా పెట్టకండి. వర్చువల్‌బాక్స్ ఉచితం, విండోస్ సర్వర్ 180 రోజుల ట్రయల్ ఉచితం, లాగ్‌లు, అంటే కంప్యూటర్ రాసుకునే చిట్టా, చూపించే వాజూ ఉచితం. 16 జీబీ ర్యామ్‌లో వాజూకి 8, సర్వర్‌కి 4 ఇస్తే మిగతాది ల్యాప్‌టాప్ ఊపిరికి. 8 జీబీలోనే అన్నీ ఇరికిస్తే మౌస్ కూడా కదలదు. సర్వర్‌లో ఆ చిట్టాని వాజూకి పంపే వాజూ ఏజెంట్ వేసి, తప్పు పాస్‌వర్డ్ ఇరవైసార్లు కొట్టండి, లాగిన్ కుదరలేదని చెప్పే 4625 అనే ఈవెంట్ ఇరవైసార్లు పడుతుంది. ఎందుకు కుదరలేదో చెప్పే సబ్‌స్టేటస్ కోడ్ చివర 6ఏ ఉంటే పేరు సరే, పాస్‌వర్డ్ తప్పు. 64 ఉంటే అసలా పేరే లేదు. ఏ దారిన లాగిన్ అవబోయారో చెప్పే లాగాన్ టైప్ 5 అయితే అది సర్వీసు, అంటే వెనకాల తనంతట తానే నడిచే ప్రోగ్రాం: ఎవరో పాస్‌వర్డ్ మార్చి, సర్వీసులో మార్చడం మర్చిపోయారు. ఒకే అడ్రస్ నుంచి యాభై పేర్ల మీద తలా ఒకటి పడితే అది పాస్‌వర్డ్ స్ప్రే అనే దాడి, పైవాళ్లని నిద్ర లేపాలి. దాని వెనకే అదే అడ్రస్ నుంచి, లాగిన్ కుదిరిందని చెప్పే 4624 ఒకటి వచ్చిందంటే ఎవరో లోపలికి వచ్చేశారు, చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాలి.

కంపెనీ కంప్యూటర్లకి రాత్రింబవళ్లు కాపలా కాసే ఎస్‌ఓసీలో కొత్తవాళ్ల పని చాలావరకు ఇదే. కానీ ఫీజు కట్టకుండా నేర్చుకున్నది చదువెలా అవుతుంది? గోడకి తగిలించేందుకు ఫ్రేము ఏది?

సరే, ఉద్యోగం వచ్చిందే అనుకోండి. పెళ్లిచూపుల్లో మాత్రం రాత్రంతా ఏ బ్యాకప్ సర్వీసు పాస్‌వర్డ్ తప్పిందో చూస్తానని చెప్పకండి. హ్యాకర్లని పడతాడని మీ మేనమామ చేత చెప్పించండి. మిక్చర్ ప్లేటు ఖాళీ అయ్యేలోపు అమ్మాయి బాబాయి వచ్చి, తన ఇన్‌స్టాగ్రామ్‌ని ఎవరో హ్యాక్ చేశారంటూ ఫోను చేతిలో పెడతాడు. కంగారు పడకండి. 6ఏనా, 64ఆ, ముందు అది తేల్చండి.