సొనాటాలకు ఎల్‌-వన్ టెండరు

బీథోవెన్ పియానో సొనాటాల (కొన్ని భాగాలుగా నడిచే పియానో కృతుల) రికార్డింగుల్లో ఏది మంచిది అన్న ప్రశ్నను నెల్లూరు రసికలోకం ఒక్క వేసవిలో తేల్చిపారేసింది. ఎక్సెల్ షీటు తయారైంది. నిలువు వరసలో పియానిస్టుల పేర్లు, అడ్డ వరసలో వేగానికి 20, స్పష్టతకు 20, ‘ఫీల్’కు 20, సౌండ్ క్వాలిటీకి 20, సెట్ పూర్తిగా ఉంటే ఇంకో 20. వెరసి నూరు. 35 వస్తే పాసు. మాగుంట లేఅవుట్‌లో పుట్టిన ఆ షీటు ఫోన్లలో పాకి కావలి దాటి ఒంగోలు చేరితే, అక్కడి పెద్దలు దానికి దశాంశాలు తగిలించారు. విల్‌హెల్మ్ కెంఫ్‌కి 78.5 అట. మిగతా 21.5 ఎక్కడ జారవిడుచుకున్నాడో చెప్పుకోవడానికి పాపం ఆయన లేడు.

ఒంగోలు వారి మీద మనకు గౌరవమే. బండలాగుడు పోటీలకు అక్కడో పద్ధతుంది: ఇంత బరువు బండ, ఇంత సమయం, గిత్తల జత ఎన్ని అడుగులు లాగిందో టేపు పెట్టి కొలవడం. ఎవరికీ అనుమానం ఉండదు, గొడవ ఉండదు. వచ్చిన చిక్కల్లా, అదే టేపు పట్టుకొచ్చి సొనాటా మీద పరచడంతోనే.

కమిటీ కూర్చునే తీరు చూసి తీరవలసింది. డాబా మీద గది. నిలువెత్తు స్పీకర్లు రెండు, వాటి మధ్య ఇంకా ప్లాస్టిక్ కాగితం తియ్యని యాంప్లిఫయరు. అధ్యక్షులు రిటైరైన ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) గారు. పక్కన రైసుమిల్లు ఆసామి, ఒక లెక్చరరు, ఫోన్లో పాటలు మార్చడానికి ఆసామి గారి మేనల్లుడు. రోహిణి కార్తె కాబట్టి ఫ్యాన్ అయిదులో తిరుగుతోంది. కారం దోసెలు వచ్చాయి. పరిశీలనలో ఉన్నది ఓపస్ (కృతి నంబరు) 106, హామర్‌క్లావియర్ అనే సొనాటా.

“మొదటి భాగం ఎంత టైములో ముగించాడు?” అన్నారు ఈఈ గారు.

“ష్నాబెల్ తొమ్మిది నిమిషాల లోపే సార్. గిలెల్స్ పన్నెండు దాటాడు.”

“అంటే మూడు నిమిషాలు డిలే. పెనాల్టీ రాయి.”

లెక్చరరు గొంతు సవరించుకున్నాడు. “అది కాదు సార్. ముప్పై రెండు సొనాటాల్లోనూ బీథోవెన్ వేగం చెప్పే మెట్రోనోము అంకెలు వేసింది ఈ ఒక్కదానికే. మొదటి భాగానికి నిమిషానికి అర నోట్లు 138. దాన్ని పట్టుకోబోయి ష్నాబెల్ చేతులు తడబడ్డాయి. గిలెల్స్ ఆ అంకె వదిలేసి, లోపలి గొంతులు ఒక్కొక్కటీ వినపడేట్టు...”

“తడబడ్డాడా? అయితే స్పష్టతలో ఆరు కొట్టెయ్. వేగంలో ఇరవై ఇవ్వు. సరిపోద్ది.”

తర్వాత అడాజియో, అంటే నెమ్మదిగా సాగే భాగం. బీథోవెన్ దాన్ని ఊనా కోర్డా అని రాసి మొదలుపెట్టాడు, అంటే ఎడమ పెడలు నొక్కి, గొంతు తగ్గించి. ఫ్యాన్ గొంతు తగ్గించుకోలేదు.

“ఏందబ్బాయా, ఏం వినపడటంలా?” అన్నాడు ఆసామి.

“మెత్తగా వాయించాలంట మామా.”

“మెత్తగా అంటే అసలుకే లేకుండానా? పెంచు.”

మేనల్లుడు పెంచాడు. సాలమన్ వాయించింది అయిపోయి ఇంకొకరిది మొదలయింది. పెంచిన సౌండు పెంచినట్టే ఉంది. గది దద్దరిల్లింది. ఆసామి ముఖం వెలిగిపోయింది. “ఇదీ వాయించడమంటే! ఏం క్లారిటీ! ఫీల్‌లో పద్దెనిమిది రాయి.”

“సాలమన్ అడాజియో ఇరవై రెండు నిమిషాలుంది సార్” అన్నాడు లెక్చరరు, ఆఖరి ప్రయత్నంగా.

“అదే పని పదహారులో చేసేవాళ్ళుండగా ఇరవై రెండెందుకు? ఎస్టిమేట్లోనే తేడా ఉంది” అన్నారు ఈఈ గారు. బాక్‌హౌస్ ఫైలు కూడా అక్కడే తిరగ్గొట్టారు. 1969లో ఆయన పోయేనాటికి స్టీరియోలో హామర్‌క్లావియర్ ఒక్కటే మళ్ళీ రికార్డు కాలేదు. పెట్టెలో దాని బదులు పాత మోనోది పెడతారు. “ముప్పై ఒకటి స్టీరియో, ఒకటి మోనో. మెటీరియల్ కలిసిలేదు. ఎం-బుక్కులో (కొలతల పుస్తకంలో) ఎట్టా ఎక్కించేది?”

ఆసామి గారి పద్దెనిమిది మార్కుల సంగతి. రెండు రికార్డింగుల మధ్య ఒక్క డెసిబెల్ తేడా ఉన్నా చెవి దాన్ని ‘గట్టిగా ఉంది’ అని గుర్తుపట్టదు, ‘బాగుంది’ అని గుర్తుపడుతుంది. అందుకే పోల్చేముందు సౌండు సమం చెయ్యాలి. రెండింట్లోనూ ఒకే చోటి ముప్పై సెకన్లు తీసుకుని, ఫోన్లో సౌండ్ మీటరు పెట్టి, కుర్చీ దగ్గర సగటు ఎంతొస్తోందో చూసి, ఎక్కువున్నదాన్ని తగ్గించాలి. తగ్గించాలి, రెండోదాన్ని పెంచడం కాదు. యాప్‌లో వాల్యూమ్ సర్దే సెట్టింగు ఉంటే ఆపెయ్యాలి, అది ట్రాకు ట్రాకుకీ తన ఇష్టం వచ్చినట్టు సర్దుతుంది. ఏది ఎవరిదో తెలియకుండా ఇంకొకరి చేత మార్పించుకోవాలి. ఒకేసారి పది పోల్చకూడదు, రెండు చాలు. ఫ్యాన్ సంగతి చెప్పక్కర్లేదు. మే నెల మధ్యాహ్నం నెల్లూరులో ఊనా కోర్డా వినాలంటే హెడ్‌ఫోన్ అన్నా ఉండాలి, లేదా తెల్లవారుజామున నాలుగింటికి లేవాలి. ఫోను స్పీకరు మాట ఎత్తొద్దు. 100 హెర్ట్జ్ దిగువ స్వరాలు దాంట్లోంచి దాదాపు రావు. బీథోవెన్ ‘మూన్‌లైట్’ సొనాటా మొదటి భాగంలో ఎడమచెయ్యి కింది స్వరాలు చాలావరకు ఆ అడుగునే. ఫోన్లో విని ‘ఎడమచెయ్యి తేలిపోయింది’ అని ష్నాబెల్‌కి మార్కులు కోసినవారు ఉదయగిరి రోడ్డులోనే ఉన్నారు.

ష్నాబెల్ మాటొచ్చింది కాబట్టి. ముప్పై రెండూ మొట్టమొదట రికార్డు చేసినవాడు ఆయన. 1932 నుంచి 1935 దాకా, లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో. గ్రామఫోను పలక ఒక్కో వైపు నాలుగు నిమిషాల చిల్లర పడుతుంది. మైనం మీద సూది గీస్తుండగా తప్పు పడితే కత్తిరించి అతికించే దారి లేదు, ఆ వైపు మొత్తం మళ్ళీ వాయించాలి. అందువల్ల కొన్ని తప్పులు అట్లాగే మిగిలాయి. కమిటీ దీన్ని ‘నాణ్యతా లోపం’ అంది. ఇంకో మహానుభావుడు, గరగర లేకుండా శుభ్రం చేసిన ప్రతి దొరికితేనే మార్కులిస్తానన్నాడు. ఆ శుభ్రం చేసేటప్పుడు గరగరతోపాటు స్వరం తోక కూడా తెగిపోతుంది. గాల్లో మెల్లగా కరగాల్సింది ఠక్కున ఆగుతుంది. పాత పలకల బదిలీ కొనేముందు చూడవలసింది రెండే. స్వరం కరుగుతోందా, తెగుతోందా. శ్రుతి సరిగ్గా ఉందా. శ్రుతి చూసే యాప్ ఏదైనా చెబుతుంది. పలక ఆరు శాతం వేగంగా తిప్పి ఎక్కించారంటే అర స్వరం పైకి పోయినట్టే. అప్పుడు వేగానికి నూటికి నూరు ష్నాబెల్‌కి కాదు, మోటారుకి ఇవ్వాలి.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. షీటులో అయిదో గడి దగ్గరే నవ్వు ఆగిపోతుంది. ‘సెట్ పూర్తిగా ఉందా?’ ఉంటే 20, లేకపోతే సున్నా.

ఎమిల్ గిలెల్స్‌కి సున్నా. అయిదు సొనాటాలు తక్కువ. చిట్టచివరిదైన ఓపస్ 111 లేదు. ఎందుకు లేదు? 1985 అక్టోబరులో మనిషి చచ్చిపోయాడు కాబట్టి లేదు. సాలమన్‌కి సున్నా. 1956లో పక్షవాతం వచ్చింది. చెయ్యి పడిపోయింది. ఆ తర్వాత 1988 దాకా బతికాడు, మళ్ళీ జనం ముందు పియానో ముట్టలేదు. ముప్పై రెండేళ్ళు! ముప్పై రెండు సొనాటాలు పూర్తి చెయ్యలేదని అతనికి సున్నా వేసిన చేతుల్ని ఏం చెయ్యాలి? ఆనీ ఫిషర్ 1977లో మొదలుపెట్టి, ముక్క ముక్కగా మళ్ళీ మళ్ళీ వాయించి, ఒక్కదానికీ తృప్తిపడక, బతికుండగా విడుదల చెయ్యనివ్వలేదు. 1995లో ఆమె పోయాకే అవి బయటికొచ్చాయి. ఆమెకు మాత్రం ఇరవైకి ఇరవై. తను వద్దన్న పెట్టె మార్కెట్లో నిండుగా ఉంది కదా మరి!

సిగ్గు లేదూ? గిలెల్స్ హామర్‌క్లావియర్ విని, దాని పక్కన ‘అసంపూర్ణం, తిరస్కరించడమైనది’ అని రాయడానికి చెయ్యెట్లా వచ్చింది? పెట్టెలు అలమరలో వరసగా నిలబెట్టడానికైతే అట్టపెట్టెలు కొనుక్కోవచ్చు, ఖాళీవి, చవక. ముప్పై రెండింటినీ ఒక్క మనిషే సమానంగా వాయించాలని ఎవడు రాశాడు? 1795 నాటి కుర్రవాడి రాతకూ 1822 నాటి చెవిటి మనిషి రాతకూ ఒకే చేతివాటం సరిపోవాలని ఏ శాస్త్రం చెప్పింది? త్యాగయ్య పూర్వీకుల కాకర్ల, శ్యామశాస్త్రి పూర్వీకుల కంభం, రెండూ ఉమ్మడి ప్రకాశంలోవే. ఒక్క కృతి, అందులో ఒక్క సంగతి ఎవరెట్లా పాడారో అని రాత్రి రెండింటి దాకా వాదించుకునే ముసలివాళ్ళు ఈ జిల్లాల్లో ఇంకా ఉన్నారు. ‘పంచరత్నాలు అయిదూ రికార్డు చేశాడా, లేకపోతే వద్దు’ అని వాళ్ళలో ఒక్కరూ అనరు. ఆ చెవి ఇక్కడ ఉండి కూడా షీటు ఎందుకు పట్టుకోవలసివచ్చిందో!

పేరుతో పడే మార్కుల సంగతి పాతదే. ఇంగ్లాండులో జాయిస్ హాటో అనే ఆవిడ పేరున ఆమె భర్త వందకు పైగా డిస్కులు విడుదల చేశాడు, విమర్శకులు పొగిడారు. 2007లో ఒకాయన, లిస్ట్ అనే సంగీతకర్త రాసిన ఎట్యూడ్ల డిస్కు కంప్యూటర్లో పెడితే అది వేరే పియానిస్టు పేరు చూపించింది. తీరా చూస్తే ఇతరుల రికార్డింగులే, కొన్నిటికి వేగం కాస్త సాగదీసి. మన ఎక్సెల్‌లో మొదటి నిలువు వరస దాచేసి మార్కులు వెయ్యమంటే కమిటీ పెద్దలు లేచి వెళ్ళిపోవడానికి కారణం వేరే వెతకనక్కర్లేదు.

పోల్చాలనే సరదా తప్పు కాదు. షీటు వెయ్యండి. గడుల్లో మాత్రం గుణాలు కాదు, చోట్లు రాయండి. ‘మూన్‌లైట్’ మొదటి భాగం, అయిదో గతి (బార్): పై స్వరం చుక్కల లయలో (ఒక పొడుగు, వెంట ఒక పొట్టి) మొదలవుతుంది, కింద మూడేసి స్వరాలు దొర్లుతుంటాయి. ఆ పొట్టి స్వరం మూడోదానితో కలిసి పడిందా, దాని తర్వాత వేరుగా పడిందా? కలిసిపోతే లయ చచ్చిందన్నమాట. ఆ భాగం నాలుగు కాదు, రెండు దెబ్బలకు రాసింది. ఈడ్చి ఈడ్చి ఏడిపించేవాళ్ళు ఆ గుర్తు చూడలేదు. తీగల మోత ఆపే డ్యాంపర్లు మొత్తం ఎత్తి ఉంచి వాయించమనీ ఉంది. ఆనాటి పియానోలో స్వరం త్వరగా ఆరిపోయేది కాబట్టి కుదిరింది, ఇప్పటిదాంట్లో అలుక్కుపోతుంది. అందుకని చాలామంది పెడలు మార్చుకుంటూ పోతారు. ఆంద్రాష్ షిఫ్ మార్చడు. నచ్చకపోవచ్చు, ఒకసారి విని చూడాలి.

‘వాల్డ్‌స్టైన్’ సొనాటా చివరి ప్రెస్టిస్సిమోలో (అతివేగంగా సాగే చోట) అష్టకాల (ఒకే స్వరం రెండు స్థాయిల్లో కలిపి) జారుడు, అదీ అతి మెత్తగా. ఆనాటి మీటలు తేలిక, లోతు తక్కువ, ఇప్పటివి బరువు. కొందరు రెండు చేతులకు పంచుతారు, కొందరు జార్చకుండా మణికట్టుతో కొట్టుకుపోతారు. అక్కడ వేగం తగ్గిందో లేదో చూస్తే చాలు, దొంగతనం దొరికిపోతుంది. ఓపస్ 111 మొదటి గతి: ఎడమచెయ్యి ఒంటరిగా, అష్టకాలతో, ఒక్కసారిగా కిందికి దూకాలి. రెండు చేతులూ పంచుకుంటే తప్పు పడదు, భయమూ ఉండదు. ఆ భయం వినపడని రికార్డింగుని మనమైతే అక్కడే ఆపేస్తాం.

షూబర్ట్ అనే ఇంకో సంగీతకర్త ఆఖరి పియానో సొనాటా, డి.960 (ఆయన కృతుల జాబితాలో నంబరు), కొనేముందు మొదటి భాగం నిడివి చూడండి. పదహారు నిమిషాల లోపుంటే మొదటి ఖండం మళ్ళీ వాయించి ఉండడు. అట్లా వాయించకపోతే, వెనక్కి మళ్ళేచోట షూబర్ట్ రాసిన తొమ్మిది గతులు అసలు వినపడవు. అడుగున గునిసే ఆ మంద్రపు ట్రిల్ (పక్కపక్క స్వరాల మధ్య వణుకు) ఒక్కసారి గర్జించేది ఆ తొమ్మిదింట్లోనే. బ్రెండెల్ కావాలనే వదిలేశాడు, అవి అక్కడ ఇమడవని ఆయన వాదన. రిక్టర్ అన్నీ వాయించి ఆ ఒక్క భాగానికే దాదాపు ఇరవై అయిదు నిమిషాలు తీసుకున్నాడు. ఈఈ గారి ముందు పెట్టకండి.

నిజానికి షూబర్ట్ కమిటీ అజెండాలో ఎక్కేశాడు. సి మేజర్ సొనాటా, డి.840. షూబర్ట్ 1825లో రెండు భాగాలు పూర్తి చేసి, మిగతావి మధ్యలో వదిలేశాడు. రిక్టర్ దాన్ని ఎవరి అతుకులూ లేకుండా, రాతప్రతి ఆగినచోటే ఠపీమని ఆపేస్తాడు. ఆసామి మేనల్లుడు దాన్ని మూడుసార్లు డిలీట్ చేసి మూడుసార్లు డౌన్‌లోడ్ చేశాడు. మూడుసార్లూ అక్కడే ఆగింది. రూటరు మార్చాలని తీర్మానించారు.