నా దగ్గర ముగ్గురు రాణులున్నారు

శుక్రవారం జరిగింది, ఇవాళ ఆదివారం, ఇంకా ఫోన్ మోగితే ఉలిక్కిపడుతున్నా.

మా ఆఫీసు బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో. టీమ్‌లో తెలుగోళ్లం నలుగురం. లంచ్ అయ్యాక ఒక్క ఆట రమ్మీ వేసుకుందామని క్యాంటీన్‌లో పేక తీస్తే చాలు, సెక్యూరిటీ ఆయన క్లబ్బు మీద రెయిడ్‌కొచ్చినట్టు వచ్చి పక్కన నిలబడతాడు. అప్పుడు మా భీమవరం గాడు చెప్పాడు, టెర్మినల్లో నలుగురు ఆడుకునే రమ్మీ ఒకటుంది మామా, సోర్స్ కోడ్ దింపి మన టెస్టింగ్ మెషీన్ స్టేజింగ్ సర్వర్లో పెట్టెయ్, అందరం ఎస్‌ఎస్‌హెచ్‌లో ఎవరి సీట్లోంచి వాళ్లం లాగినై ఆడుకుందాం, నల్ల స్క్రీన్ మీద తెల్లక్షరాలు, చూసినోడికి పని చేస్తున్నట్టే ఉంటుంది, రెండు నిమిషాల పని అని. రెండు నిమిషాల పని అని చెప్పేవాడు ఆ పని తను ఎప్పుడూ చెయ్యడు, గమనించారా?

ఆటని సర్వర్‌కి సిద్ధం చేద్దామని కన్ఫిగర్ కొడితే, టెర్మినల్లో స్క్రీన్ గీసే ఎన్‌కర్సెస్ లైబ్రరీ హెడర్లు లేవంది. వేసుకుందామంటే మనకి సుడో, అంటే అడ్మిన్ పవర్, లేదు. టికెట్ వెయ్యాలి, అందులో బిజినెస్ జస్టిఫికేషన్ అని ఒక డబ్బా, అది నింపందే సబ్మిట్ బటన్ వెలగదు. పేకాడుకోడానికి అని రాయలేం కదా, టెర్మినల్ యూఐ ఇవాల్యుయేషన్ అని రాశా, నాలుగు రోజులకి ఓకే అయిపోయింది. మొన్న డిస్క్ నిండిపోయి సర్వర్ మూలుగుతుంటే వేసిన టికెట్ మాత్రం ఇంకా అక్కడే ఉంది. సరే, మేక్ కొడితే ఆట తయారైంది. అందరూ కనెక్ట్ అవ్వాల్సిన పోర్ట్ నంబరు 80 ఇస్తే పర్మిషన్ డినైడ్, 1024 కంటే కింద రూట్‌కి, అంటే అడ్మిన్‌కి, తప్ప ఇవ్వరని అప్పుడు గుర్తొచ్చింది, 5555 ఇచ్చి, నేను లాగౌట్ అయినా ఆగకుండా నోహప్‌తో వదిలేశా.

ముక్కలు పడ్డాయి. పదమూడూ వచ్చాయి గానీ గుర్తుల్లేవు. ఏడు పక్కన క్వశ్చన్ మార్కు, జాకీ పక్కన క్వశ్చన్ మార్కు, ఆసు పక్కన కూడా అదే. ప్రతి అక్షరానికీ నంబరిచ్చే యూనికోడ్‌లో ఇస్పేటుకి 2660, కళావరుకి 2663, ఆటీనుకి 2665, డైమన్‌కి 2666 అని బుద్ధిగా నంబర్లున్నాయి, కానీ మా సర్వర్ లొకేల్, అంటే భాష సెట్టింగు, సీ అని పెట్టి ఉంది, దానికి ఇంగ్లీషక్షరాలు దాటితే ప్రపంచం లేదు. ఇదంతా తర్వాత తెలిసింది లెండి. అప్పటికి నా చేతిలో మూడు రాణులున్నాయి, మూడూ క్వశ్చన్ మార్కులే. ట్రిప్‌లెట్ అవ్వాలంటే మూడూ వేరే వేరే గుర్తులుండాలి, రెండు పేకలు కలిపి ఆడతాం కాబట్టి ఒకే రాణి రెండుసార్లు పడొచ్చు. మిగతావాళ్లకీ ఇలాగే ఉందా అని అడగాలి. ఒక్కడికి మెసేజ్ పంపాలంటే రైట్ అనే కమాండ్ ఉంది, అది గుర్తు రాలేదు, వాల్ గుర్తొచ్చింది. వాల్ అంటే గోడ కదా, మన నలుగురి మధ్యే ఉంటుందనుకున్నా. అది రైట్ ఆల్ అట. సర్వర్లో లాగినై ఉన్న ప్రతివాడి స్క్రీన్ మీదా, రెండు బెల్లులు కొట్టి మరీ, నా పేరుతో సహా వేస్తుంది. నిజంగానా అని ఒక్క మాట అడగదు, ఫైల్ డిలీట్ చేసేటప్పుడైనా కొన్నిసార్లు అడుగుతారు.

ఇంగ్లీషు అక్షరాల్లో నేను కొట్టిన తెలుగు ఇది: నా దగ్గర ముగ్గురు రాణులున్నారు, ఎవరు ఎవరో తెలీట్లేదు, నీ దగ్గర ఎంతమంది?

అదే టైమ్‌లో మా మేనేజర్ అదే సర్వర్లో జరిగేదంతా వరసగా కనబడేలా లాగ్ టెయిల్ పెట్టుకుని న్యూజెర్సీ క్లయింట్‌కి స్క్రీన్ షేర్‌లో డెమో ఇస్తున్నాడు. ఆయన కన్నడిగుడు, తెలుగు రాదు. టింగ్ టింగ్ అంటూ మెసేజ్ పడగానే, ఇదీ మా మానిటరింగ్ అలర్ట్, రియల్ టైమ్‌లో వస్తుంది అన్నాడట, ఎంత ధీమాగానో. అవతల మనోడు ఒకడు లేకుండా ఏ మీటింగైనా ఉంటుందా, ఆయన మ్యూట్ తీసి పడీ పడీ నవ్వుతున్నాడట. ఇంతలో మా భీమవరం గాడు, నేను ఎలా పంపానో అలాగే పంపాలేమో అనుకుని, వాడూ వాల్ కొట్టాడు: నా దగ్గర ఇద్దరున్నారు, ఒకర్ని వదిలేస్తా, తీసుకుంటావా? మళ్లీ టింగ్ టింగ్. న్యూజెర్సీ ఆయన అప్పటికే అందరికీ ఇంగ్లీషులో అర్థం చెప్పడం మొదలుపెట్టాడట, పేకాట అని మాత్రం చెప్పలేదు.

నేను కంగారులో సారీ సర్, పొరపాటున వచ్చింది అని పంపా. అది కూడా వాల్‌లోనే.

రేపు సోమవారం పదకొండింటికి రమ్మని హెచ్‌ఆర్ పిలిచింది. నా అకౌంట్ లాక్ చేశారు, కానీ నోహప్‌లో వదిలిన ఆట ఇంకా నడుస్తూనే ఉందట, వంతు నాదేనట. ఇందాకే భీమవరం గాడు లాగ్ తెరిచి నా ముక్కలు చూశాట్ట. రెండు ఆటీను, ఒక కళావరు. అసలు ట్రిప్‌లెట్టే కాదది.