దుప్పటి యజమానిది, తిండి సర్కారుది

వాషింగ్టన్‌లో కాపిటల్ అనే పార్లమెంటు భవనం, వైట్‌హౌస్ కట్టేటప్పుడు అమెరికా సర్కారు బానిసలతో ఊరికే చాకిరీ చేయించుకుందని కొందరు ఆడిపోసుకుంటారు. ఎంత అన్యాయం! కూలి డబ్బులు లెక్క తప్పకుండా చెల్లించారు. రికార్డులున్నాయి. కాకపోతే పనిచేసిన మనిషికి కాదు, అతని యజమానికి. దానికే ఇంత రాద్ధాంతమా?

ఐరోపా నుంచి పనివాళ్లను రప్పిద్దామనుకుంటే పెద్దగా ఎవరూ రాలేదు. దాంతో 1792లో నగర కమిషనర్లు తీర్మానం చేశారు: నల్లజాతి కూలీలను ఏడాది లెక్కన అద్దెకు తీసుకోవాలి. తిండి కమిషనర్లు పెడతారు, బట్టలూ తలా ఒక దుప్పటీ యజమాని ఇవ్వాలి, అద్దె ఏడాదికి 21 పౌన్లు. దుప్పటి గురించి కూడా ఆలోచించారంటే ఎంత పెద్ద మనసు! వైట్‌హౌస్‌కు ప్లాన్ గీసిన జేమ్స్ హోబన్ ఇంకా తెలివైనవాడు. తన బానిసలనే అక్కడ వడ్రంగి పనికి పెట్టి, ఆ కూలీ తానే పుచ్చుకున్నాడు. సొమ్మొకడిది, సోకొకడిది.

ఆ ఇల్లు బానిసలు కట్టిందని 2016లో మిషెల్ ఒబామా గుర్తుచేస్తే, వాళ్లకు తిండీ వసతీ బాగానే ఉండేవని ఓ టీవీ వ్యాఖ్యాత వెంటనే సర్దిచెప్పాడు. పాపం, పిక్నిక్‌కు వచ్చినవాళ్లను మనమే అపార్థం చేసుకున్నాం.

ఇక కాపిటల్ గోపురం మీది స్వేచ్ఛామూర్తి సంగతి. 19.5 అడుగుల కంచు విగ్రహం. దాని ప్లాస్టర్ నమూనాను విడదీయాల్సి వచ్చేసరికి, అతుకులెక్కడున్నాయో చెప్పాలంటే కూలి పెంచాల్సిందేనని ఇటలీ పనివాడు మొండికేశాడు. పోతపని చేయిస్తున్న క్లార్క్ మిల్స్ దగ్గర ఫిలిప్ రీడ్ అనే బానిస ఉన్నాడు. అతను నమూనా తలమీది ఇనుప కడియానికి కప్పీ తాడూ తగిలించి మెల్లగా పైకి లాగించాడు. అతుకులు సన్నగా విచ్చుకుని ఎక్కడున్నాయో అవే చెప్పాయి. వారమంతా అతని కూలి యజమానికే. ఆదివారాలు మాత్రం అతనివే: 33 ఆదివారాలకు రోజుకు 1.25 డాలర్ల చొప్పున 41.25 డాలర్లు. స్వేచ్ఛ ఆదివారం ఆదివారం రుచి చూపించాలని కాబోలు.

1862 ఏప్రిల్ 16న రాజధానిలో బానిసత్వం రద్దయింది. నష్టపరిహారం ఎవరికన్నారు? యజమానులకే, నష్టపోయింది వాళ్లే కదా! ఒక్కొక్కరి ధర కట్టడానికి బాల్టిమోర్ నుంచి అనుభవజ్ఞుడైన బానిసల వ్యాపారిని పిలిపించారు. నిపుణుల సలహా లేకుండా సర్కారు ఏ పనైనా చేస్తుందా? రీడ్‌కు 42 ఏళ్లు, పొట్టి, చూపులకు అంతంతమాత్రం, కానీ బుర్ర చురుకు, పోతపనిలో దిట్ట అని రాసి మిల్స్ 1,500 డాలర్లు అడిగాడు. 350 డాలర్ల 40 సెంట్లు ఇచ్చారు. ఆ 40 సెంట్లు ఏ అవయవానికో!

విడుదలైనవాళ్లనూ చట్టం మరిచిపోలేదు లెండి. దేశం వదిలి హైతీకో లైబీరియాకో వెళ్లిపోతామంటే మనిషికి 100 డాలర్ల వరకు ఇస్తామంది.