ఏడో తరగతికి ఇంకో గంట

మా వీధి చివరి టెక్నో బడివారు పెద్ద ఉపకారమే తలపెట్టారు. మొన్న రాత్రి పదిన్నరకు ఏడో తరగతి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో సర్క్యులర్ పెట్టారు. సోమవారం నుంచి స్టడీ అవర్ ఆరింటి దాకా కాదట, ఏడింటి దాకానట. యూనిట్ టెస్టులో సెక్షన్ సగటు పడిపోయిందట మరి. నిమిషం తిరక్కుండా గ్రూపు నిండా దణ్ణాల బొమ్మలు. ఒక తండ్రిగారైతే "ఆదివారం కూడా పెట్టండి సార్, ఇంట్లో ఫోన్ వదలట్లేదు" అని విన్నవించుకున్నారు. ఆయన కోరిక తప్పక నెరవేరుతుంది.

విద్యాహక్కు చట్టం 2009 ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి కనీసం 220 పనిదినాలు, 1000 బోధనా గంటలు ఉండాలంది. భాగించి చూడండి, రోజుకు నాలుగున్నర గంటలు. మావాళ్లు పొద్దున ఎనిమిదికి గేటు మూస్తారు. ప్రేయరు, భోజనం తీసేసినా ఏడాదికి రెండువేల గంటలు దాటిపోతుంది. ఆ లెక్కన మన పిల్లలకి చదువు రెట్టింపు రావాలి. ఇప్పటిదాకా పెరిగింది కళ్లద్దాల పవరొక్కటే.

స్టడీ అవర్ అనే ఆ మహాయజ్ఞం చూసి తీరాలి. ఇన్‌చార్జి పీఈటీ సారు. బడికి గ్రౌండ్ లేదు గనక ఆయనకు పగలు వేరే పనుండదు. "సైలెంట్!" అని ఒక్క కేక వేసి, బల్ల కింద ఫోన్‌లో ఐపీఎల్ హైలైట్స్‌లో మునిగిపోతారు. మాట్లాడేవాళ్ల పేర్లు బోర్డు మీద రాయడం క్లాస్ లీడర్ డ్యూటీ. పావుగంటలో సెక్షనంతా బోర్డెక్కుతుంది, చివర్లో ఎవరో వెళ్లి లీడర్ పేరు కూడా రాసొస్తారు. వెనక బెంచీలో పెన్ ఫైట్ సెమీఫైనల్. కిటికీ పక్క పిల్ల ఫొటోసింథసిస్‌లో మొదటి పేరా ఎన్నోసారో చదువుతోంది, ఎందుకంటే ఆకు పచ్చగా ఎందుకుంటుందో పగలు ఎవరూ చెప్పలేదు. స్టడీ అవర్ ముగియబోతుండగా ఆఫీసు మేడమ్ ఫోన్ పట్టుకుని వస్తారు. "పుస్తకాలు పైకెత్తండి!" ఫొటో వెంటనే గ్రూపులోకి. పైకెత్తిన పుస్తకాల వెనక సగంమంది నిద్రపోతున్న సంగతి ఫొటోలో పడదు.

కూర్చోబెడితేనే చదువొచ్చేటట్టయితే ఎప్పుడో వచ్చేసేది. పల్లె పిల్లలకు చదవడం, లెక్కలు ఏమాత్రం వచ్చో చూసే అసర్ సర్వే 2018లో చేసినప్పుడు, పల్లెల్లోని ఎనిమిదో తరగతి పిల్లల్లో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవాళ్లు దేశం మొత్తమ్మీద 44 శాతమే. చట్టం చెప్పిన గంటలు సక్రమంగా జరిగాయనుకుంటే ఎనిమిది తరగతులకు కలిపి ఏడువేల గంటలు. అన్ని గంటల్లో రాని భాగహారం ఆరు నుంచి ఏడింటి మధ్య వచ్చేస్తుందట!

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, పద్నాలుగేళ్లు నిండిన పిల్లవాడితోనైనా సరే, ఫ్యాక్టరీలో రోజుకు నాలుగున్నర గంటలకు మించి పని చేయించకూడదని అప్పట్లోనే రాసిపెట్టింది. వీళ్లకి పన్నెండేళ్లు! ఈ వయసుకి రోజుకు కనీసం తొమ్మిది గంటల నిద్ర కావాలని డాక్టర్లు మొత్తుకుంటున్నారు. రాత్రి ఎనిమిదికి వ్యాన్ దిగి, హోమ్‌వర్క్ ముగించి పదకొండుకు పడుకున్న పిల్లని అయిదున్నరకి లాగి లేపుతున్నాం. ఆరున్నర గంటలు. వ్యాన్‌లో కూర్చునే నిద్రపోతుంటే దాన్ని క్రమశిక్షణ అంటున్నారు, సిగ్గు లేకుండా. ఆ పిల్లలతోపాటు ఏడింటిదాకా ఉండిపోయే టీచరమ్మకి ఆ గంటకి ఒక్క రూపాయి ఎక్కువిస్తున్నారా? ఇంట్లో ఆవిడ పిల్లలకి అన్నం ఎవరు పెడుతున్నారు? దణ్ణాలు పెట్టింది చాలు. రేపు పేరెంట్స్ మీటింగులో బడివారిని నిలబెట్టి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా పిల్లలకి ఏం చెప్పారో చెప్పమనండి.