ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు చట్టం కావాలి

కడప, కర్నూలు, అనంతపురం కలెక్టరేట్ల ముందు విద్యార్థి సంఘాల ధర్నాల్లో ఏళ్ల తరబడి వినిపిస్తున్న డిమాండ్ ఒకటే: పేద విద్యార్థుల కాలేజీ ఫీజును ప్రభుత్వమే కట్టే ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం బకాయిలు వెంటనే విడుదల చేయాలి. ప్రభుత్వాలు మారాయి, డిమాండ్ మారలేదు. ఇవి గత ప్రభుత్వం పెట్టి వెళ్లిన బకాయిలని అధికారంలో ఉన్నవాళ్లంటారు, మీరొచ్చాక పెరిగిన వాటి సంగతేమిటని ప్రతిపక్షం వాళ్లడుగుతారు. ఈ తగువులో ఎవరి లెక్క ఎంత నిజమో తేల్చినా విద్యార్థికి ఒరిగేదేమీ లేదు. ఎవరి హయాంలోనైనా బకాయి పడేందుకు ఈ పథకం పుట్టుకలోనే వీలుంది. దీని వెనుక చట్టం లేదు. ఉన్నవన్నీ జీవోలే, అంటే ప్రభుత్వ ఉత్తర్వులే.

జీవో ఇచ్చినదాన్ని మరో జీవో తీసేసుకుంటుంది. జరిగిందీ అదే. వైఎస్ రాజశేఖరరెడ్డి హయాంలో బీసీలకు, ఈబీసీలకు (ఆర్థికంగా వెనుకబడిన ఇతర కులాలవారికి) పూర్తి ఫీజు అన్నారు. కిరణ్‌కుమార్‌రెడ్డి కాలానికి ఎంసెట్‌లో పది వేల లోపు ర్యాంకు వస్తేనే పూర్తి ఫీజు, లేదంటే 35 వేలే అన్నారు. 2019 తర్వాత విద్యాదీవెన పేరుతో మళ్లీ పూర్తి ఫీజు అన్నారు కానీ, 2020 డిసెంబరు 25 నాటి జీవో 77తో ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవారిని ఒక్క కలం పోటుతో పక్కన పెట్టారు. శాసనసభలో చర్చ లేదు, విద్యార్థులను అడిగింది లేదు. సొమ్ము వెళ్లే దారి కూడా ఇలాగే మారింది. మొదట కాలేజీ ఖాతా, తర్వాత తల్లి ఖాతా. అది కుదరదని 2021లో హైకోర్టు తీర్పు చెప్పాక తల్లీబిడ్డల ఉమ్మడి ఖాతా, 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కాలేజీ ఖాతా. 2020లో కన్వీనర్ కోటాలో, అంటే ప్రభుత్వం కేటాయించే సీటులో చేరి 2024లో బయటికొచ్చిన బీటెక్ విద్యార్థి తన నాలుగేళ్ల చదువులో ఈ మార్పులను దాదాపు అన్నింటినీ మోశాడు. సీటు తీసుకున్న రోజున ఉన్న నిబంధన పట్టా అందుకునే రోజుకు లేదు.

ఈ ఫీజు కోసం గ్రామ సచివాలయంలో వేలిముద్ర వేయాల్సిన తల్లి కర్నూలు జిల్లా కోసిగి మండలం నుంచి గుంటూరు వైపు మిరప కోతలకు వలస వెళ్లి ఉంటుందన్న ఆలోచన ఆ జీవోలు రాసినవారికి వచ్చినట్టు లేదు.

బకాయి పడితే ఏమవుతుందో తెలియాలంటే చదువు ముగిసే నెలలో ఏ ప్రైవేటు కాలేజీ ఆఫీసు కిటికీ దగ్గరైనా కాసేపు నిలబడితే చాలు. అమ్మాయి ఉద్యోగంలో చేరడానికి పది రోజుల గడువుంటుంది. టీసీ, మార్కుల మెమోలు, ప్రొవిజనల్ కావాలి. గుమాస్తా రిజిస్టరు తిప్పి, ప్రభుత్వం నుంచి మీ పేరున రెండు విడతలు రావాలి, అది కట్టి తీసుకెళ్లండి, ప్రభుత్వం వేశాక మీకు తిరిగి ఇస్తాం అంటాడు. తండ్రి ఊరికి వెళ్లి నూటికి మూడు రూపాయల వడ్డీకి ముప్పై వేలు తెస్తాడు. నెలకు తొమ్మిది వందలు. ప్రభుత్వం ఎనిమిది నెలలు ఆలస్యం చేస్తే 7,200. ఉచితమని చెప్పిన చదువుకు ఆ కుటుంబం కట్టిన ఫీజు ఇది. ఏ బడ్జెట్ పద్దులోనూ ఇది కనిపించదు, ఎవరూ తిరిగి ఇవ్వరు. ఒరిజినల్ సర్టిఫికెట్లను కాలేజీలు అట్టిపెట్టుకోకూడదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లోనే ఆదేశించింది. ఆ కాగితం చూపించి గుమాస్తాతో వాదించగల ధైర్యం ఎంతమంది తండ్రులకు ఉంటుంది?

ఇందులో అప్పు ఎవరిదో సూటిగా చెప్పుకోవాలి. ఆ అమ్మాయి కాలేజీకి బాకీ లేదు. కన్వీనర్ కోటాలో సీటు కేటాయించి, ఫీజు నిర్ణయించి, నువ్వు అర్హురాలివని జాబితాలో పేరు రాసింది ప్రభుత్వం. బాకీ ప్రభుత్వానిది. అయినా జప్తుకు గురయ్యేది విద్యార్థి సర్టిఫికెట్టు. ఇంతకంటే అన్యాయమైన ఏర్పాటు ఉంటుందా?

చట్టంలో రాస్తే ఏం జరుగుతుందో అనంతపురం జిల్లాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఉపాధి హామీ 2006 ఫిబ్రవరి 2న మొదలైంది నార్పల మండలం బండ్లపల్లిలోనే. ఆ చట్టం కూలీకి పనిని హక్కుగా ఇచ్చింది. పదిహేను రోజుల్లో కూలి చెల్లించాలని, ఆలస్యమైతే పరిహారం ఇవ్వాలని నిబంధన పెట్టింది. అమలులో ఎన్ని లోపాలున్నా, నా కూలి ఎందుకు ఆగిందని అడగడానికి కూలీకి ఒక సెక్షన్ దొరికింది. బడ్జెట్‌లో ఎస్సీ, ఎస్టీలకు విడిగా నిధులు కేటాయించే ఉప ప్రణాళికకు 2013లో చట్టం చేశారు. పదేళ్ల గడువు ముగిసే వేళకు ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి మరీ దాన్ని పొడిగించాల్సి వచ్చింది. జీవో అయితే మౌనంగా మురిగిపోయేది. మట్టి పని చేసిన కూలీకి ఉన్న రక్షణ ఆ కూలీ కూతురి చదువుకు ఎందుకు ఉండకూడదు?

ప్రజల సొమ్మును ప్రైవేటు యాజమాన్యాలకు పోయడమెందుకు, అదే డబ్బుతో ప్రభుత్వ కాలేజీలను బాగుచేయొచ్చు కదా అనేవారున్నారు. బాగుచేయాలి. ఖాళీగా ఉన్న అధ్యాపక పోస్టులు నింపాలి. విద్యార్థులు లేకుండానే హాజరు చూపే కాలేజీలుంటే మూయించాలి. కానీ ఆ పని పూర్తయ్యేదాకా ఆదోని పిల్ల ఆగాలా? సీమలో ఇంజినీరింగ్ సీట్లలో అత్యధికం ప్రైవేటులోనే ఉన్నాయి. కాలేజీలు పెట్టడం తన వల్ల కాదని అనుమతులిచ్చింది ప్రభుత్వమే. ఇచ్చాక అక్కడ చేరిన పిల్లలు తన పిల్లలు కారనడం చెల్లదు.

సీమ వాడిగా ఈ విషయంలో నా పట్టుదలకు ఇంకో కారణం ఉంది. చట్టం కాని హామీ ఏమవుతుందో మాకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. 1937 నవంబరు 16న మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో, కోస్తా, సీమ పెద్దలు శ్రీబాగ్ ఒడంబడిక మీద సంతకాలు చేశారు. నీటిపారుదలలో సీమకు ప్రాధాన్యం ఇస్తామన్నారు. రాజధాని, హైకోర్టుల్లో ఒకటి ఎంచుకోమన్నారు. అనంతపురంలో ఆంధ్ర విశ్వవిద్యాలయ కేంద్రం పెడతామన్నారు. ఆ చివరి మాట చదువుకు సంబంధించింది కాబట్టి దాని సంగతే చూద్దాం. అనంతపురంలో పీజీ కేంద్రం వచ్చింది 1968లో, అదీ తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం కింద. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం వచ్చింది 1981లో. ఒప్పందానికి, విశ్వవిద్యాలయానికి మధ్య 44 ఏళ్లు. ఒప్పందం నాటికి పుట్టిన పిల్లలు ఆ విశ్వవిద్యాలయం చూడకుండానే నడివయసుకు చేరారు. కడపకు యోగి వేమన విశ్వవిద్యాలయం 2006లో, కర్నూలుకు రాయలసీమ విశ్వవిద్యాలయం 2008లో గానీ రాలేదు. ప్రభుత్వ ఉన్నత విద్య ఇంత ఆలస్యంగా వచ్చిన ప్రాంతంలో ఆ ఖాళీని నింపింది ప్రైవేటు కాలేజీలు. ఆ కాలేజీల్లో పేదవాడికి చోటిచ్చింది ఫీజు రీయింబర్స్‌మెంట్. దాన్ని ఆర్థిక శాఖ వీలును బట్టి నడిచే దయగా ఉంచితే శ్రీబాగ్ మళ్లీ జరిగినట్టే.

బాధ కలిగించే సంగతేమిటంటే, ఈ పథకం రాతను మార్చిన ముఖ్యమంత్రుల్లో రాజశేఖరరెడ్డి, జగన్‌మోహన్‌రెడ్డి కడప వారు. కిరణ్‌కుమార్‌రెడ్డి, చంద్రబాబునాయుడు చిత్తూరు వారు. నలుగురూ సీమ వారే. ఒక్కరికీ దీన్ని చట్టం చేయాలన్న ఆలోచన రాలేదు.

బిల్లు పెద్దదేమీ కానక్కర్లేదు. చేరిన రోజున ఉన్న అర్హత, ఫీజు, చెల్లింపు పద్ధతి ఆ కోర్సు ముగిసేదాకా మారకూడదు. ప్రతి విడతకూ తేదీ ఉండాలి. దాటితే వడ్డీ ప్రభుత్వమే కాలేజీకి కట్టాలి. ప్రభుత్వ బకాయి పేరు చెప్పి టీసీ గానీ, హాల్ టికెట్ గానీ ఆపిన యాజమాన్యానికి జరిమానా పడాలి. ప్రైవేటు కాలేజీల్లోని పీజీ విద్యార్థుల హక్కు ఆ చట్టంలోనే రాసి ఉండాలి, ఏ జీవో దాన్ని తాకలేనట్టుగా. సీమ ఉమ్మడి నాలుగు జిల్లాల నుంచి 52 మంది శాసనసభ్యులున్నారు. ప్రభుత్వం తేకపోతే ప్రైవేటు సభ్యుల బిల్లు పెట్టే హక్కు వారిలో మంత్రులు కాని ప్రతి ఒక్కరికీ ఉంది. వచ్చే సమావేశాల్లో ఆ బిల్లు ఎవరు పెడతారో పేరు పెట్టి అడగాల్సింది కలెక్టరేట్ ముందు కూర్చున్న విద్యార్థులే.