సోమలింగం గారి రాబోయే పుస్తకం

మొన్న ఆదివారం పొద్దున్నే వాట్సాప్‌లో ఒక జాబితా వచ్చిపడింది. "ఈ సీజన్‌లో తప్పక చదవాల్సిన పది హాస్య పుస్తకాలు." డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శన, జనవరిలో విజయవాడది. తెలుగువాడు పుస్తకాల మొహం చూసే కాలం ఏడాదికి ఇదొక్కటే కాబట్టి నేనూ ముచ్చటపడ్డాను. జాబితాలో మొదటి పేరు నాకు బాగా తెలిసినాయనదే. వెంటనే ఫోన్ చేసి, పుస్తకం ఎక్కడ దొరుకుతుందండీ అని అడిగాను.

"ఇంకా రాలేదండీ."

"అచ్చులో ఉందా?"

"లేదండీ, ఆలోచనలో ఉంది."

మిగతావి కూడా వాకబు చేశాను. రెండు ప్రూఫుల దగ్గర ఆగాయి. ఒకటి డీటీపీ చేసే కుర్రాడు పెళ్లికి వెళ్లడంతో ఆగింది. మిగిలిన వాటికి పేర్లు మాత్రం ఖాయమయ్యాయి. అంటే, తప్పక చదవాలన్న పదింటిలో చదవడానికి ఒక్కటీ లేదు. అయినా ఆ జాబితా కింద అప్పటికే చప్పట్ల బొమ్మలు, కళ్ల నీళ్లొచ్చేలా నవ్వే బొమ్మలు బారులు తీరి ఉన్నాయి. ఒకాయన "రెండుసార్లు చదివాను, అద్భుతం" అని కూడా రాశాడు. ఆయన చదివింది జాబితానే అయ్యుంటుంది.

ఆ మొదటి రచయిత పేరు చెప్పడం మర్యాద కాదు. ఆలూ లేక, చూలూ లేక ముందే నామకరణం జరిగిపోయిన పిల్లాడు మన సామెతలో ఒకడున్నాడు కదా, అతని పేరు మీదుగా సోమలింగం గారనుకుందాం.

ఈ పద్ధతిని వెక్కిరించేవాళ్లు తెలియనివాళ్లు. వచ్చిన పుస్తకంతో ఎన్ని బాధలు! దానికి పేజీలుంటాయి. పేజీల్లో అచ్చుతప్పులుంటాయి. 'నవ్వుల విందు' కాస్తా 'నవ్వుల మందు' అవుతుంది. చదువుతూ చదువుతూ మనిషి నిద్రపోయే ప్రమాదం కూడా ఉంది. రాబోయే పుస్తకంలో ఒక్క తప్పు చూపించండి చూద్దాం. అది చదివి ఆవలించినవాడు ఇంతవరకు పుట్టలేదు. సోమలింగం గారు ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికిచ్చే గుర్తింపు నంబరు, కూడా ముందే తెచ్చుకున్నారు. మన దేశంలో అది ఉచితంగా ఇస్తారు, ఉచితమైనదాన్ని వదులుకోవడం తెలివైనవాళ్ల లక్షణం కాదు. ప్రస్తుతానికి ఆ పుస్తకంలో పూర్తిగా రాయడం అయిన భాగం ఆ 13 అంకెలే.

"ఇదేం కొత్త కాదండీ," అన్నారాయన. "గురజాడ వారి కన్యాశుల్కం విజయనగరంలో ఆడింది 1892లో. అచ్చయింది 1897లో. ఆ అయిదేళ్లూ జనం పుస్తకం లేకుండానే నవ్వారా లేదా?" నిజమే, కాదనలేను. కాకపోతే అక్కడ స్టేజీ మీద నాటకం ఉంది. సోమలింగం గారి స్టేజీ మీద కుర్చీలున్నాయి.

ఆ కుర్చీల సంగతి చెప్పాలి. ముఖచిత్ర ఆవిష్కరణ సభకి నన్నూ పిలిచారు. పుస్తకం కాదు, పుస్తకం అట్ట. వేదిక మీద ఏడుగురు, ఎదురుగా తొమ్మిది మంది. ఆ తొమ్మిది మందిలో ఒకడు మైకువాడు, ఒకడు సమోసాలు తెచ్చి డబ్బుల కోసం నిలబడ్డవాడు. వెనక ఫ్లెక్సీలో సోమలింగం గారు చుబుకం కింద చెయ్యి పెట్టుకుని, హాస్యం రాసే మనిషిలా కాక కరెంటు బిల్లు చూసిన మనిషిలా ఉన్నారు.

ఉత్త అట్ట పట్టుకుంటే ఫొటోలో పల్చగా పడుతుందని ఇంట్లో ఉన్న గంటల పంచాంగానికి ఆ అట్ట తొడిగారు. సైజు అతికినట్టు సరిపోయింది. పైన చమ్కీ కాగితం చుట్టి ఎర్ర రిబ్బను కట్టారు. కత్తెర మర్చిపోయారు. ముఖ్య అతిథి ముడి విప్పబోతే అది ఇంకా బిగుసుకుంది. అధ్యక్షులవారు గోళ్లతో ప్రయత్నించారు. ఫొటోగ్రాఫర్ "సార్, నవ్వండి సార్" అంటూనే ఉన్నాడు. చివరికి ముఖ్య అతిథి పంటితో రిబ్బను తెంపారు. సాహిత్యం కోసం పళ్లు అరగదీసుకున్నవాళ్లని అంతకు ముందు నేను చూడలేదు.

అట్ట బయటపడగానే చప్పట్లు. అక్కడితో కూర్చుంటే బాగుండేది. ముఖ్య అతిథికి ఉత్సాహం ఆగక, "మచ్చుకి ఒక్క పేరా" అంటూ మధ్యలో తెరిచారు. సోమలింగం గారు కుర్చీలోంచి సగం లేచారు. అప్పటికే ఆలస్యమైపోయింది.

"ఆదాయం 2, వ్యయం 14," అని చదివారాయన, గంభీరంగా. ఆగారు. సభ ఘొల్లుమంది. "రాజపూజ్యం 1, అవమానం 6." సమోసాలవాడు కూడా నవ్వాడు. ముఖ్య అతిథి కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "తెలుగు రచయిత బతుకుని నాలుగంకెల్లో చెప్పారండీ! ఇంత పొదుపైన హాస్యం నా జీవితంలో చదవలేదు" అన్నారు. తర్వాత మాట్లాడిన నలుగురూ ఆ నాలుగంకెలే మెచ్చుకున్నారు. ఒకాయన అందులో సామాజిక స్పృహ కూడా కనిపెట్టారు. శాలువాలు అయిదు పడ్డాయి. ఫోన్‌లో స్కాన్ చేసి అక్కడికక్కడే ముందస్తు ధర కట్టినవాళ్లు ఇద్దరు. అందులో ఒకడిని నేను.

ఇంతవరకు నాకూ నవ్వుగానే ఉంది. అసలు తంటా పుస్తకం వచ్చాకే.

వస్తుంది, ఎప్పటికో వస్తుంది. సొంత డబ్బు పోసి అయిదు వందల కాపీలు వేయిస్తారు. కట్టలు మంచం కిందికి చేరతాయి. ఆవేళ పళ్లతో రిబ్బను తెంపినాయన ఫోన్ చేసి, "నాకో కాపీ పంపండి" అంటాడు. కొంటాననడు, పంపండి అంటాడు. మరి కొనేదెవరు? లైబ్రరీలు కొనాలి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ఉంది. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కింద వసూలు చేస్తారు. మీరు కడుతున్నారు, నేనూ కడుతున్నాను, జీవితంలో పుస్తకం ముట్టనివాడూ కడుతున్నాడు. వసూలు చేసిన ఆ సొమ్ము స్థానిక సంస్థలు జిల్లా గ్రంథాలయ సంస్థలకి జమ చెయ్యాలి. చెయ్యకుండా బకాయి పెడతాయి. జనం దగ్గర పుస్తకాల పేరు చెప్పి డబ్బు తీసుకుని, పుస్తకాలకి ఇవ్వకపోవడాన్ని ఏమనాలి? ఇదే పని ఓ చిట్టీల వ్యాపారి చేస్తే స్టేషన్‌లో కూర్చోబెడతారు. ఇక్కడ మాత్రం దాని పేరు బకాయి! పిల్లాడు లైబ్రరీకి వెళితే అట్ట ఊడిన పాత పుస్తకాలు, నిన్నటి పేపరు. కొత్తగా నవ్వించే పుస్తకం ఒక్కటి వాడి చేతిలో పడదు. సిగ్గు లేదు ఒక్కరికీ. అట్టకి శాలువాలు కప్పే పెద్దమనుషులు ఏడుగురున్నారే, ఒక్కడంటే ఒక్కడు ఈ 8 పైసలు ఎటు పోయాయని ఏ సభలోనైనా అడిగాడా? అడగడు. అడిగితే తర్వాతి సభకి పిలవరు.

పోనీలెండి. హాస్య వ్యాసంలో బీపీ పెరగకూడదు.

నిన్న సోమలింగం గారు మళ్లీ ఫోన్ చేశారు. రాయడం మొదలుపెట్టడానికి మంచిరోజు చూడాలట. ఇంట్లో పంచాంగం ఆ అట్టలోనే ఉండిపోయింది. శాలువా పరిచి అద్దాల బీరువాలో పెట్టారట. బయటికి తీస్తే అట్ట నలుగుతుందని వాళ్లావిడ తాళం ఇవ్వడం లేదు.

"మీ ఇంట్లో ఉంటే కాస్త చూసి చెబుతారా?" అన్నారు.

చూశాను. ఈ నెలలో లేదు.